దేవుడు వరమిచ్చినా డీలరు ఇవ్వడు

పేపర్లో "ఫలానా కంపెనీ ఇన్ని వేల బళ్ళని వెనక్కి పిలిచింది" అన్న వార్త పడగానే మన జనం రెండు జట్లుగా విడిపోతారు. మొదటి జట్టు "నేను ముందే చెప్పాగా, అది డబ్బా బండి అని" అంటుంది. రెండో జట్టు "తప్పు ఒప్పుకున్నారు చూడండి, అదీ నిజాయితీ అంటే" అంటుంది. నా మట్టుకు నాకు ఇద్దరూ తొందరపడుతున్నారనే అనిపిస్తుంది. లక్షల్లో తయారయ్యే వస్తువులో ఎక్కడో ఒక లోపం దొర్లడం వింతేమీ కాదు. దాన్ని బయటపెట్టడం మంచిదే, కాదనను. కానీ చప్పట్లు కొట్టడానికి అది చాలదు. ఎన్ని బళ్ళని పిలిచారన్నది సగం లెక్కే. వాటిలో ఎన్ని బాగుపడి మళ్ళీ రోడ్డెక్కాయన్నది అసలు లెక్క. ఆ రెండోది మన పేపర్లలో చూసిన గుర్తు నాకైతే లేదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన గొడవే. బగ్ దొరికింది, ఫిక్స్ రాశాం, రిలీజ్ నోట్‌లో ఘనంగా వేసుకున్నాం. కానీ కస్టమర్ సర్వర్లో ఇంకా పాత వెర్షనే నడుస్తుంటే ఆ బగ్ పోయినట్టా? మేనేజరు "క్లోజ్ చేసెయ్" అన్నా సరే, పోనట్టే. బండి రీకాలూ అంతే. తేడా అల్లా ఏంటంటే, ఇక్కడ సర్వర్ ఆగిపోతే ఎస్కలేషన్ మెయిల్ వస్తుంది. అక్కడ బండి ఆగిపోతే వెనకనుంచి లారీ వస్తుంది.

ఇంతకీ నన్ను ఈ గొడవలోకి దింపింది ఇగ్నిషన్ స్విచ్. తాళంచెవి పెట్టి తిప్పుతామే, అదే. చూడ్డానికి తాళంలా ఉంటుంది గానీ అది చేసేది మెయిన్ స్విచ్ పని. చెవి తిప్పగానే లోపలి కాంటాక్టులు ఒకదాన్నొకటి తాకి బ్యాటరీ కరెంటుని బండికి వదుల్తాయి. చాలా బళ్ళలో ఇది హ్యాండిల్ మధ్యలో, మీటరు దగ్గర ఉంటుంది. పాపం, దాని బతుకు చూడండి. పైనుంచి వాన, కిందనుంచి ఇంజన్ అదురు, చెవికి వేలాడే తాళాలగుత్తి బరువు, హ్యాండిల్ తిప్పినప్పుడల్లా అటూ ఇటూ లాగుడుపడే వైర్లు. లోపలి స్ప్రింగు బలం తగ్గినా, వైరు అతుకు వదులైనా కరెంటు తెగుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండైతే కంట్రోల్ యూనిట్, పెట్రోల్ పంపు, స్పార్కు మూడూ ఒకేసారి పోతాయి. చాలా బళ్ళలో హెడ్‌లైటు, వెనక లైటు కూడా వాటితోపాటే. అంటే రాత్రిపూట మీ బండి ఆగిపోతోందని వెనకవాడికి తెలిసే దారే ఉండదు. ఇంట్లో ఫ్యూజు పోయినట్టు కాదు ఇది.

నా బండికి ఈ స్విచ్ మార్చాలని కంపెనీయే ప్రకటించింది. (పేరు రాయను. రాస్తే మాటలన్నీ ఆ బండి మంచిదా కాదా అన్న దాని మీదకే పోతాయి.) వాళ్ళ సైట్లో ఛాసిస్ నంబరు కొడితే "మీ వాహనం ఈ జాబితాలో ఉంది, దగ్గర్లోని డీలరుని కలవండి, ఉచితంగా మారుస్తారు" అని వచ్చింది. భేష్. దేవుడు వరమిచ్చేశాడు. ఇక మిగిలింది పూజారులు.

మొదటి పూజారి మా ఇంటి దగ్గరాయన. సర్వీస్ అడ్వైజరు కంప్యూటర్ వైపు చూడకుండానే "మాకైతే సర్క్యులర్ రాలే సార్" అన్నాడు. ఫోన్లో కంపెనీ పేజీ చూపించా. "అది సైట్ల వేస్తరు సార్, మాకు రావాలె గదా" అన్నాడు.

రెండో చోట సర్క్యులర్ వచ్చిందట, పార్టు రాలేదట. ఎప్పుడొస్తుందంటే "ఫోన్ చేస్తం సార్" అన్నాడు. సరే నంబరు రాసుకోండి అంటే "మీరే చేయండి సార్, ఓ పది రోజులాగి" అన్నాడు.

మూడో చోట ఇంకాస్త ముదురు. "ఇది విజయవాడలో తీసుకున్న బండి కదండీ, అక్కడే చేయించుకోవాలి" అని మొదలెట్టాడు. ఏ డీలరైనా చెయ్యాలని కంపెనీ రాసింది చూపిస్తే, "సరేనండీ, ముందు జనరల్ సర్వీసింగ్ చేయించండి, దాంతోపాటు ఇదీ చూద్దాం" అని బేరానికొచ్చాడు. ఉచితంగా మార్చాల్సిన స్విచ్చుకి టిక్కెట్టు 1,800 రూపాయల సర్వీసింగన్నమాట! హెల్మెట్ కౌంటరు మీద పెట్టి నెమ్మదిగా అడిగా: "మీరు మార్చనంటున్నారని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టండి, వెళ్ళిపోతా." అప్పటిదాకా నిలబెట్టి మాట్లాడిన మనిషి "కూర్చోండి సార్, టీ తాగుతారా?" అన్నాడు. సంతకం మాత్రం పెట్టలేదు. స్విచ్చూ మార్చలేదు.

మూడు చోట్లా ఏ తేదీన ఎవరు ఏమన్నారో వరసగా రాసి, ఛాసిస్ నంబరుతో కంపెనీకి మెయిల్ పెడితే తొమ్మిదో రోజున ఫోనొచ్చింది. ఆ తర్వాత కూడా పార్టు కోసం ఎదురుచూపులు. అంతా కలిపి ఏడు వారాలు. చివరికి స్విచ్ మార్చడానికి పట్టింది నలభై నిమిషాలు! ఆ ఏడు వారాలూ బండి పార్కింగులో పడుకుంది, నేను మెట్రోలో నిలబడ్డా.

నాకు మెట్రో ఉంది కాబట్టి సరిపోయింది. బండి మీద డెలివరీలు చేసుకుని బతికే కుర్రాడి సంగతేంటి? వాడు బండి ఆపితే ఆ పూట సంపాదన ఆగిపోతుంది. మూడు షోరూముల చుట్టూ మూడు పూటలు తిరగడమంటే మూడు పూటల కూలి. కాబట్టి తిరగడు. ఎప్పుడు ఆగుతుందో తెలియని బండి మీదే ఔటర్ సర్వీసు రోడ్డులో రాత్రి పదకొండింటికి పోతుంటాడు. కంపెనీ రికార్డుల్లో మాత్రం వాడి బండిని "వెనక్కి పిలిచినట్టే".

డీలర్లంతా దుర్మార్గులని నేననను. వాళ్ళ కోణంలోంచి చూడండి. శనివారం షెడ్డు నిండా బళ్ళు. ఒక మెకానిక్ నలభై నిమిషాల్లో ఆయిలు, బ్రేక్ ప్యాడ్లు మారిస్తే అక్కడికక్కడ డబ్బులు. అదే నలభై నిమిషాలు రీకాల్ పనికి పెడితే కంపెనీకి క్లెయిమ్ పెట్టుకుని, వాళ్ళిచ్చే లేబర్ ఛార్జీ కోసం కూర్చోవాలి. మనకి ఉచితమంటే ఇంకెవరో తమ టైము పెడుతున్నారనే కదా. అమ్మకాల టార్గెట్ గురించి నెలనెలా పీకల మీద కూర్చునే కంపెనీ, "ఇన్ని స్విచ్చులు మార్చాల్సి ఉంది, ఎన్ని మార్చావ్?" అని అంతే గట్టిగా అడిగితే ఈ పూజారులే ఫోన్ చేసి మరీ పిలుస్తారు. ఏది కొలిస్తే అది జరుగుతుంది. కొలవనిది దేవుడి దయ.

"బోడి స్విచ్చుకి ఇంత రాద్ధాంతమా" అనేవాళ్ళ కోసం ఒక అమెరికా కథ. బైకులది కాదు, కార్లది. లోపం మాత్రం ఇదే వస్తువులో. 2014లో జనరల్ మోటార్స్ సుమారు 26 లక్షల కార్లని ఇగ్నిషన్ స్విచ్ కోసం వెనక్కి పిలిచింది. షెవర్లే కోబాల్ట్ లాంటి చిన్న కార్లు. లోపలి స్ప్రింగు బలం చాలక, తాళాలగుత్తి బరువుకో రోడ్డు కుదుపుకో చెవి దానంతటదే వెనక్కి తిరిగిపోయేది. ఇంజన్ ఆగి, పవర్ స్టీరింగ్ పోయి, గుద్దుకున్నప్పుడు ఎయిర్ బ్యాగులు తెరుచుకునేవి కావు. విడ్డూరం ఏంటంటే, కంపెనీ 2006లోనే ఆ స్విచ్ డిజైను మార్చింది, పార్టు నంబరు మాత్రం మార్చలేదు. మా భాషలో చెప్పాలంటే, కోడ్ మార్చి వెర్షన్ నంబరు అలాగే వదిలెయ్యడం. దాంతో పాత స్విచ్చేదో కొత్తదేదో తెలియక, ప్రమాదాల మీద పరిశోధన చేసేవాళ్ళు ఏళ్ళ తరబడి తికమకపడ్డారు. చివరికి నష్టపరిహార నిధి ఒప్పుకున్న మరణాలు 124. 2015లో కేసు నుంచి బయటపడ్డానికి అమెరికా ప్రభుత్వానికి కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టింది. నాలుగు చక్రాలు, సీటు బెల్టులు ఉన్న బండి సంగతి ఇది. మనవి రెండు చక్రాలు, ఒక హెల్మెట్. (అదీ పెట్టుకుంటే.)

అక్కడ రీకాల్ ప్రకటించిన కంపెనీ, ఎన్ని వాహనాలు బాగుచేసిందో మూడు నెలలకోసారి ప్రభుత్వ భద్రతా సంస్థకి లెక్క చెప్పాలి. ఆ లెక్కలు ఎవరైనా చూడొచ్చు. అక్కడ డీలర్లందరూ దేవుళ్ళని కాదు. కానీ ఎవరో లెక్క అడుగుతున్నారని కంపెనీకి తెలుసు.

మన దగ్గర? 2012లో వాహన తయారీదారుల సంఘం స్వచ్ఛందంగా రీకాల్ నియమావళి పెట్టుకుంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో, లోపమున్న వాహనాల్ని వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సంతోషమే. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఆ నిబంధనలు ఏడేళ్ళ లోపు వాహనాలకే. మన బైకు రిజిస్ట్రేషన్ ఏమో పదిహేనేళ్ళకి ఇస్తారు! ఎనిమిదో ఏట నుంచీ తిరిగేవాటిలో చాలా సెకండ్ హ్యాండో, థర్డ్ హ్యాండో. కొత్త బండి కొనలేనివాళ్ళ దగ్గరుండేవి అవే.

2021 మే నెలలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇగ్నిషన్ కాయిల్ లోపం వల్ల 2,36,966 బళ్ళని వెనక్కి పిలిచింది. (నా బండి వాళ్ళది కాదు.) వాటిలో పది శాతం లోపు బళ్ళకే పార్టు మార్చాల్సి రావచ్చని కూడా చెప్పింది. పిలిచిన బళ్ళెన్నో చివరి అంకెతో సహా చెప్పగలిగినప్పుడు, బాగుచేసినవెన్నో కూడా ఏ కంపెనీ అయినా అంతే కచ్చితంగా చెప్పగలదు. అడిగేవాడే కావాలి.

"ఓనర్లు దొరకరండీ, అడ్రసులు మారిపోతాయి" అంటారు. హతవిధీ! అద్దం లేదని, హెల్మెట్ పట్టీ పెట్టలేదని ఛలానా వెయ్యాలంటే ఫోటోతో సహా మెసేజ్ వచ్చేస్తుంది. అడ్డుగోడ అవతలున్నా, అద్దె ఇల్లు మారినా దొరుకుతాం. బండి ప్రస్తుతం ఎవరి పేరు మీదుందో, ఫోన్ నంబరేంటో ఆర్టీయే దగ్గర ఉంది. ఛలానా పంపే దారిలోనే "మీ బండి స్విచ్ మార్పించుకోండి" అన్న మెసేజ్ పంపడానికి కొత్త టెక్నాలజీ ఏం కావాలి? ఇన్సూరెన్స్ రెన్యూవల్ అప్పుడు బండి నంబరు కొట్టగానే "ఈ బండికి రీకాల్ పెండింగ్ ఉంది" అని చూపించడానికి ఎన్ని లైన్ల కోడ్ కావాలి? ఆ పని రాయగలిగే కుర్రాళ్ళు మా ఫ్లోర్లోనే ఓ ఇరవై మంది ఉన్నారు. డబ్బు మన నుంచి రావాల్సినప్పుడు దొరికే అడ్రసు, పని మనకి జరగాల్సినప్పుడు దొరక్కపోవడమే నా బాధ.

ఆ వ్యవస్థ వచ్చేలోపు మనం చెయ్యగలిగింది కొంత ఉంది. ఆర్‌సీ మీద ఛాసిస్ నంబరుంటుంది, దాన్ని కంపెనీ సైట్లో ఓసారి కొట్టి చూడండి. సెకండ్ హ్యాండ్ బండైతే తప్పకుండా చూడండి, ఎందుకంటే ఉత్తరం వస్తే మొదటి ఓనరుకే వచ్చి ఉంటుంది. డీలరు కాదంటే నోటిమాటతో వదలకండి, రాసిమ్మనండి. ఇవ్వకపోతే తేదీలతో కంపెనీకే మెయిల్ కొట్టండి. కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం బండి ఎక్కడ కొన్నా మీరున్న ఊళ్ళోనే కేసు వెయ్యొచ్చు. ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి సైట్లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. స్విచ్ మారేదాకా ఆ గుత్తిలోంచి ఇంటి తాళం, బీరువా తాళం, తిరుపతి నుంచి తెచ్చిన ఇత్తడి బిళ్ళ తీసేసి బండి చెవి ఒక్కటే ఉంచండి. జనరల్ మోటార్స్ కూడా 2014లో తన కస్టమర్లకి చెప్పింది అదే.

కానీ ఇదంతా చదువుకుని, మెయిల్ రాయగలిగి, మూడు షోరూములు తిరిగే తీరికున్న వాళ్ళకి పనికొచ్చే సలహా. ఒక్కొక్కడూ పోట్లాడి గెలుచుకుంటే తప్ప దొరకని రిపేరుని రీకాల్ అనకూడదు. డీలరు వారీగా, మూడు నెలలకోసారి, "ఇన్ని పిలిచాం, ఇన్ని మార్చాం, ఇన్ని మిగిలాయి" అని మూడు అంకెలు అందరికీ కనబడేలా పెట్టాలి. చట్టంలో ఆ ఒక్క వాక్యం చేర్చమనే నేనడిగేది. ఈసారి పేపర్లో "ఇన్ని వేల బళ్ళు వెనక్కి" అన్న వార్త పడితే, మీరు ఏ జట్టులో ఉన్నా సరే, "బాగుపడ్డవెన్ని?" అని కూడా అడగండి.