తప్పు నీది కాదు తమ్ముడూ!

మన మోతె హాస్టల్ వదిలి కోదాడలో కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో, ప్రోగ్రాం పేరు కొడితే ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అని వచ్చేది. నాకు ఇంగ్లీషు రాకే అనుకుని సిగ్గుపడ్డాను. సంగతి వేరు. 1983లో ఎంఎస్ డాస్ 2.0తో డైరెక్టరీలు వచ్చాయి. మనమున్న డైరెక్టరీలోనూ, ‘పాత్’ లైనులో రాసినవాటిలోనూ మాత్రమే యంత్రం వెతికేది. ఆ లైనేమో 127 అక్షరాలు దాటకూడదు! అందుకని ఒకే డైరెక్టరీలో చిన్న బ్యాచ్ ఫైళ్లు పెట్టి, దాన్నొక్కదాన్నే పాత్‌లో రాస్తే ఏ ప్రోగ్రామైనా ఎక్కడినుంచైనా నడిచేది. ఈ మాట నాకెవరూ చెప్పలేదు.

నేడు పైథాన్ వేసుకునే తమ్ముళ్లకూ విండోస్‌లో ఇదే చిక్కు. వార్షికోత్సవానికి వచ్చే అన్నలు పెన్నులు, దుప్పట్లు పంచుతున్నారు, సంతోషం. ఒక సాయంత్రం కూర్చుని ఈ పాత్ సంగతి కూడా చూపించాలి.