సొదొమ అని పేరు పెట్టాక

నేనొకప్పుడు ఈ-వేస్ట్ మీద ఒక కవిత రాశాను. అందులో నల్లటి పొగ, పొగలో ఒక కుర్రాడు, వాడి చేతిలో నా పాత లాప్‌టాప్. ఆఖర్న నేను సిగ్గుపడతాను. మిత్రులు బాగుందన్నారు. మొన్న వెతికితే ఆ ఫైలు దొరకలేదు, మంచిదే అయింది. కానీ అదే కవిత ఫోటోలుగా, డాక్యుమెంటరీలుగా, ఆఫీసుల్లో పర్యావరణ దినోత్సవం స్లైడ్లుగా ఇంకా వస్తూనే ఉంది. నా గొడవ దానితో.

నా కవితకి సరుకు ఘానా రాజధాని అక్రా నుంచి వచ్చింది. అక్కడ ఒడా నది పక్కన అగ్‌బొగ్‌బ్లోషీ అనే చోట పెద్ద పాత సామాన్ల మార్కెట్ ఉండేది. దక్షిణాఫ్రికా ఫోటోగ్రాఫర్ పీటర్ హ్యూగో 2011లో దాని మీద ‘పర్మనెంట్ ఎర్రర్’ అనే పుస్తకం తెచ్చాడు. ఫోటోలు బాలేవని అనను. రెండు రాత్రులు నాకు నిద్రలేదు. మసిబారిన నేల, పొగ, మధ్యలో మనవైపే చూస్తూ నిలబడ్డ యువకులు. కొన్ని ఫోటోల కింద మనిషి పేరు కూడా ఉంటుంది. కానీ అతను ఏం పని చేస్తాడో, తీసిన రాగి ఎవరు కొంటారో, సాయంత్రానికి చేతికి ఎంతొస్తుందో ఆ ఫోటోలో కనపడదు. పని తీసేస్తే మిగిలేది నరకంలో నిలబడ్డ మనిషే కదా.

తర్వాత 2018లో ఆస్ట్రియా నుంచి ఒక డాక్యుమెంటరీ వచ్చింది, ‘వెల్‌కమ్ టు సొడోమ్’ అని. మార్కెట్ పక్కనున్న బస్తీ అసలు పేరు ఓల్డ్ ఫడామా. ‘సొదొమ గొమొఱ్ఱా’ అన్నది దాన్ని వెక్కిరించడానికి వాడే పేరు. ఆ వెక్కిరింతనే సినిమాకి పెట్టుకున్నారు. బైబిల్ కథ తెలిసినవాళ్ళకి ఆ ఊళ్ళు చివరికి ఏమయ్యాయో చెప్పక్కర్లేదు.

సరే, పని సంగతి. బండి లాక్కుంటూ ఊరంతా తిరిగి పాత ఫ్రిజ్‌లు, టీవీలు డబ్బులిచ్చి కొనేవాళ్ళు కొందరు. సుత్తీ ఉలీ పట్టుకుని వాటిని విప్పేవాళ్ళు కొందరు. తూకం వేసి కొనే షావుకార్లు, అల్యూమినియం కరిగించి వంటపాత్రలు పోసేవాళ్ళు, పనికొచ్చే వాటిని బాగుచేసి అమ్మేవాళ్ళు వేరు. వీళ్ళలో చాలామంది తమాలే వైపు ఉత్తరాది జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. అక్కడ ఏడాదికి ఒక్కటే వానాకాలం, వాన మీదే సేద్యం. ఇక్కడ సంపాదించింది కొంత అక్కడికి పోతుంది. వైర్లు కాల్చేవాళ్ళు ఇందులో ఒక చిన్న గుంపు, అందరికన్నా కింద ఉన్నది వాళ్ళే. మన కెమెరాలు మాత్రం తిన్నగా వాళ్ళ దగ్గరికే వెళ్తాయి, మంట అక్కడే ఉంది కాబట్టి.

పైగా అదంతా పడమటి దేశాలు పారేసిన చెత్త అనుకుంటాం. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం అచ్చేసిన అధ్యయనం ప్రకారం, ఘానాకి వచ్చే సెకండ్‌హ్యాండ్ సామాన్లలో పనిచెయ్యనివి సుమారు 30 శాతం. అందులోనూ సగం అక్కడే రిపేరయ్యి అమ్ముడుపోయేవి. నా కవితలో రిపేరు చేసే మనిషి లేడు. రోజంతా బగ్గులు సరిచేసుకునే నాకు ఆ ఊహే రాలేదు!

పొగ అబద్ధమని కాదు. వైరు మీది పీవీసీ కాలితే డయాక్సిన్లు వస్తాయి. మంట రాజుకోడానికి పాత టైర్లు, ఫ్రిజ్‌ల లోపలి ఫోమ్ వేస్తారు. దగ్గు, కళ్ళమంటలు, కాలిన చేతులు, తెగిన వేళ్ళు, మట్టిలో సీసం. 2019లో అక్కడ తిరిగే కోళ్ళ గుడ్లు పరీక్షిస్తే, ఒక్క గుడ్డు తిన్నా యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకి సరేనన్న డయాక్సిన్ మోతాదు 220 రెట్లు దాటిపోతుందని తేలింది. ఆ గుడ్లు తినేది అక్కడివాళ్ళే.

మరి ఎందుకు కాలుస్తారు? సన్నటి వైరుని చేత్తో ఒలుచుకుంటూ కూచుంటే పూట గడవదు, మంటలో వేస్తే కాసేపట్లో రాగి చేతికొస్తుంది. 2014లో ఒక స్వచ్ఛంద సంస్థ వైరు ఒలిచే మిషన్లు తెచ్చి పెట్టింది. లావు కేబుళ్ళకి బాగానే పనిచేశాయి, సన్నవాటితోనే చిక్కు. జర్మనీ సాయంతో ఒక శిక్షణ కేంద్రం, చిన్న ఆరోగ్య కేంద్రం కూడా వచ్చాయి. నత్తనడకే, కానీ దారి అదే. కాల్చని వైరుకి కాల్చిన రాగికన్నా నాలుగు డబ్బులు ఎక్కువిచ్చే మనిషి రోజూ అక్కడ ఉండాలి, అంతే. దీని మీద ఎవరూ ఫోటోపుస్తకం వెయ్యరు.

2021 జూలై 1న బుల్డోజర్లు వచ్చాయి. ఉల్లిపాయల మార్కెట్‌ని ఊరవతల అడ్జెన్ కొటోకుకి తరలించి, తుక్కు యార్డుని నేలమట్టం చేశారు. మంటలు ఆగాయా? ఆగలేదు. ఇళ్ళ మధ్యకీ, ఊళ్ళో వేరే మూలలకీ చెదిరిపోయాయి. చెదిరినవాళ్ళ దగ్గరికి మిషను ఎలా వెళ్తుంది, డాక్టరెలా వెళ్తాడు?

బుల్డోజర్‌ని ఫోటోగ్రాఫర్ తోలాడని నేననట్లేదు. కానీ పదేళ్ళపాటు ప్రపంచమంతా ఒక చోటిని నరకం అని పిలిచాక, దాన్ని కూల్చిన ప్రభుత్వాన్ని అడిగేవాళ్ళెవరుంటారు? ‘అయితే ఆ పొగ పీల్చుకుంటూ బతకమంటావా’ అని ఒక మిత్రుడు అడిగాడు. వద్దనే అంటున్నాను. పొగ ఆపమంటే పని ఆపేశారు, పొగ అలాగే ఉంది.

ఇందులో మన వాటా కూడా ఉంది. 2022లో ప్రపంచంలో పోగైన ఈ-వేస్ట్ 6.2 కోట్ల టన్నులు. లెక్కప్రకారం రీసైకిల్ అయింది 22.3 శాతం. మిగతాదాంట్లో చాలా భాగం ఇలాంటి చేతుల్లోకే పోతుంది, మన ఢిల్లీ సీలంపూర్‌లో అయినా సరే. మా ఆఫీసులో పాత లాప్‌టాప్‌లు వ్యానెక్కాక ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ వ్యాన్ తర్వాత ఎక్కడికెళ్తుందని అడిగితే ఐటీ టీమ్ వాళ్ళు నవ్వారు.

పోయిన నెల సికింద్రాబాద్ సీటీసీలో లాప్‌టాప్ బాగుచేయించుకున్నాను. షాపులో మూలన పాత బోర్డుల గుట్ట ఉంది. “ఇవేం చేస్తారన్నా?” అన్నాను.

“కిలోల్లెక్క తీస్కపోతరు సార్. ఢిల్లీకి పోతయ్.”

కిలోకి ఎంతిస్తారని అడిగాను. అతను స్క్రూ బిగించడం ఆపి నావైపు చూశాడు.

“ఎందుకు సార్, మీ దగ్గర గూడ ఉన్నయా?”