లంఘనం చెల్లని ప్రాణి

ఒంట్లో నలతగా ఉంటే ఒక పూట మానేయడం మన ఇళ్ళలో మొదటి వైద్యం. లంఘనం పరమౌషధం అన్న మాట చిన్నప్పటి నుంచి చెవుల్లో నానిందే. మనిషికి అది చాలాసార్లు పనిచేస్తుంది కూడా. గుర్రం దగ్గరికి వచ్చేసరికి ఆ మాట చెల్లదు. ముఖ్యంగా ఒకే గుర్రానికి ఇన్సులిన్ అదుపు తప్పిన జబ్బూ, కడుపులో పుండూ రెండూ ఉన్నప్పుడు దాన్ని పస్తుంచడం ఒక జబ్బు పేరు చెప్పి రెండోదాన్ని పెంచడమే అవుతుంది.

తమిళనాడులోని ధర్మపురి పేరు వింటే గుర్రం గుర్తుకు రాకపోవచ్చు. రాగులూ ఉలవలూ మామిడీ పండే నేలలు గుర్తొస్తాయి. కానీ ఈ సీమకూ గుర్రానికీ పాత చుట్టరికమే. 1792లో ఈ సీమ ఉన్న బారామహల్ టిప్పు సుల్తాను నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, తర్వాతి కాలంలో రాయలసీమ వాళ్ళు పిల్లలకు పేరు పెట్టుకునేంతగా దగ్గరైన థామస్ మన్రో 1799 దాకా శిస్తు పని మీద ఇక్కడి ఊళ్ళన్నీ తిరిగాడు. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా ధర్మపురి జిల్లాలోనే ఉన్న హోసూరు పక్కన, మత్తిగిరిలో, 1824లోనే సైన్యం కోసం గుర్రాల పెంపకం మొదలైంది. 1,600 ఎకరాలకు పైబడిన ఆ నేల 1924లో సైన్యం నుంచి పశువైద్య శాఖకు మారింది. ఇప్పుడది పశుసంవర్ధక క్షేత్రం. తెలుగు మాట్లాడే ఇళ్ళు నిండుగా ఉన్న ప్రాంతమది. సేలం దాటి ఈరోడ్ జిల్లాలోకి వెళ్తే అందియూరులో ఏటా తమిళుల ఆడి మాసంలో గురునాథస్వామి తిరునాళ్ళకు గుర్రాల సంత జరుగుతుంది. మార్వారీ, కాఠియావాడీ గుర్రాలు ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. కొన్నవాళ్ళు ఇంటికి తోలుకెళ్ళాక వాటికి ఏం పెడుతున్నారన్నదే మా ఆలోచన.

ఏం పెడతామో మనకు తెలుసు. ఉడికించిన ఉలవలు, నానబెట్టిన శనగలు, తవుడు, ముద్దు ఎక్కువైతే ఒక బెల్లం ముక్క. పొద్దున ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత కూడా కట్టుకున్నాం. జట్కా లాగి, రోజంతా ఎండలో తిరిగిన గుర్రానికి ఆ దాణా కొంత కరిగిపోయేది. ఇవాళ పెళ్ళి ఊరేగింపుకు ఒక రోజు వెళ్ళి నాలుగు రోజులు కొట్టంలో నిలబడే గుర్రానికీ, బెంగళూరు శివార్ల స్వారీ బడిలో గంటసేపు పిల్లల్ని మోసి తక్కిన సమయం ఊరికే ఉండే గుర్రానికీ అదే బకెట్ పెడుతున్నాం.

తప్పుడు మేత కథ ఇక్కడ కొత్తది కాదు. 13వ శతాబ్దం చివర పాండ్య రాజ్యం మీదుగా వెళ్ళిన మార్కో పోలో, సముద్రం దాటి వేల సంఖ్యలో గుర్రాలు ఇక్కడికి వస్తున్నాయనీ, ఏడాది తిరిగేసరికి వాటిలో మిగిలేవి కొద్దేననీ రాశాడు. వాటికి వండిన అన్నమూ మాంసమూ పెడతారని కూడా రాశాడు. రాజులకు గుర్రమంటే ప్రేమ లేక కాదు. తమకు మంచిదనుకున్నదే దానికీ పెట్టారు.

ముందు పుండు సంగతి. గుర్రం ఒంటితో పోలిస్తే దాని కడుపు చాలా చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పట్టేంత. తిన్నా తినకపోయినా అందులో ఆమ్లం రాత్రింబవళ్ళు ఊరుతూనే ఉంటుంది. దాని ఘాటును విరిచేది లాలాజలం. ఆ లాలాజలం నమిలినప్పుడే వస్తుంది. పచ్చిక మీద వదిలిన గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తూ ఉంటుంది కాబట్టి ఈ ఏర్పాటు దానికి చక్కగా సరిపోయింది. ఖాళీ కడుపుతో కట్టేసినప్పుడే చిక్కు. కడుపు లోపలి పై భాగానికి ఆమ్లాన్ని తట్టుకునే జిగురు పొర లేదు. పరుగెత్తేటప్పుడు పొట్ట బిగిసి ఆమ్లం ఆ పై భాగం మీదికి ఎగజిమ్ముతుంది. పిండిపదార్థం ఎక్కువున్న దాణా కడుపులోనే పులిసి ఇంకొన్ని ఆమ్లాలు పుట్టిస్తుంది. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాల్లో ఎక్కువ వాటికి ఈ పుండ్లు ఉంటాయని చాలా దేశాల్లో తేలింది.

పుండు ఉందని గుర్రం చెప్పదు. బకెట్‌లో మూతి పెట్టి రెండు కబళాలు తిని ఆగిపోతుంది. పక్కకు తిరిగి గడ్డి లాక్కుంటుంది. జీను పట్టీ బిగించేటప్పుడు చెవులు వెనక్కి వాల్చి, పొట్ట వైపు తల తిప్పి పళ్ళు చూపిస్తుంది. దీన్ని మనవాళ్ళు పొగరు అంటారు. దెబ్బ కూడా వేస్తారు. ఆ దెబ్బ పడిన గుర్రాల్లో ఎన్ని కడుపు మంటతో ఉన్నాయో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. మూడు మీటర్ల పొడవున్న గొట్టపు కెమెరాను ముక్కు గుండా కడుపులోకి దించితే తప్ప పుండు సంగతి రూఢిగా తెలియదు. అది తాలూకా పశువైద్యశాలల్లో దొరికే పరికరం కాదు.

రెండో జబ్బు, ఇన్సులిన్ అదుపు తప్పడం, బయటికి ఆరోగ్యంలా కనిపిస్తుంది, అదే దాని ప్రమాదం. మెడ పైభాగం దళసరిగా, గట్టిగా దిమ్మ కట్టి ఉంటుంది. తోక మొదట్లో, భుజాల వెనక కొవ్వు ముద్దలు పేరుకుంటాయి. బలిసిన మెడను చూసి మురిసిపోవడం మనకు అలవాటు. నిజానికి ఆ గుర్రం ఒంట్లో, పిండీ చక్కెరా తిన్నప్పుడల్లా, ఇన్సులిన్ అవసరానికి మించి పెరుగుతూ ఉంటుంది. మనుషుల మధుమేహంలో మాదిరి రక్తంలో చక్కెర పెరగడం గుర్రాల్లో అరుదు. పెరిగిన ఇన్సులిన్ నేరుగా గిట్టల మీద పడుతుంది. 2007లో ఆస్ట్రేలియాలో జరిపిన ఒక ప్రయోగంలో ఆరోగ్యంగా ఉన్న పోనీలకు రక్తంలో చక్కెరను మామూలుగానే ఉంచుతూ మూడు రోజుల పాటు ఇన్సులిన్ ఎక్కించారు. ఎక్కించిన ప్రతి పోనీకీ గిట్టల జబ్బు వచ్చింది. గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టుగా ఉండే పొరలు సడలిపోతాయి. ముదిరితే ఎముక కిందికి తిరుగుతుంది. అప్పుడు గుర్రం ముందు కాళ్ళు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. గిట్ట వేడిగా తగులుతుంది. గిట్టకు పైన, కాలి వెనక రెండు వేళ్ళు ఆనిస్తే నాడి టకటకా కొట్టుకోవడం తెలుస్తుంది. మామూలు గుర్రానికి అక్కడ నాడి వెతుక్కుంటే గానీ దొరకదు.

ఇప్పుడు చిక్కుముడి. ఇన్సులిన్ జబ్బుకు మేత తగ్గించమంటారు, పచ్చిక మీదికి వదలొద్దంటారు. పుండుకు కడుపు ఖాళీగా ఉంచొద్దంటారు. షుగరూ అల్సరూ రెండూ ఉన్న తాతయ్య ఇంట్లో ఉంటే వంటింట్లో ఎంత తర్జనభర్జనో ఆ ఇంటివాళ్ళకు తెలుసు. గుర్రం విషయంలో మరో మెలిక ఉంది. గిట్టల నొప్పి తగ్గడానికి వాడే ఫినైల్ బ్యూటజోన్ లాంటి మందులు కడుపు పుండును పెంచగలవు. పుండుకిచ్చే ఒమెప్రజోల్ ఖాళీ కడుపు మీద బాగా ఒంటబడుతుంది, కానీ ఈ గుర్రాన్ని ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచడానికి లేదు. మనుషులు పొద్దున్నే వేసుకునే మాత్రలోని మందే అది. అలాగని మందుల షాపు నుంచి తెచ్చి మన లెక్కన వేయడానికి వీల్లేదు. మోతాదు వేరు, ఆమ్లానికి చెడకుండా తయారుచేసే పద్ధతి వేరు, హఠాత్తుగా ఆపేస్తే ఆమ్లం ఒక్కసారిగా ఎగదన్నుతుంది కూడా. అది వైద్యుడి చేతిలో ఉండాల్సిన పని. మేత మాత్రం మన చేతిలోదే.

రెండు జబ్బులూ కోరేవి విరుద్ధంగా కనిపిస్తాయి గానీ దగ్గరగా చూస్తే కావు. ఒకటి అడిగేది చక్కెర తగ్గించమని, రెండోది అడిగేది నమిలే సమయం పెంచమని. చక్కెర తక్కువున్న గడ్డిని ఎక్కువసేపు నమిలేలా చేస్తే రెండింటికీ సరిపోతుంది. మొదట బకెట్ తీసేయాలి. బెల్లం పూర్తిగా మానాలి. తర్వాత గుర్రం బరువు తెలుసుకోవాలి. దీనికి కాటా అక్కర్లేదు, బట్టలు కుట్టేవాళ్ళ టేపు చాలు. ముందు కాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే హెచ్చించి, భుజం మొన నుంచి పిరుదు చివరి దాకా ఉన్న పొడవుతో మళ్ళీ హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 165, పొడవు 155 అయితే దాదాపు 355 కిలోలు. బరువు తగ్గాల్సిన గుర్రానికి రోజుకు ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు మేత, తేమ తీసేసిన లెక్కన, పెట్టాలంటారు. ఈ గుర్రానికి తేమతో కలిపి సుమారు ఆరు కిలోల ఎండుగడ్డి. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా అంతకన్నా దిగకూడదు.

ఆ ఆరు కిలోలను ముందు పడేస్తే మూడు నాలుగు గంటల్లో ఖాళీ చేస్తుంది. ఇక్కడే నేర్పు చూపాలి. వేలెడు వెడల్పు కన్నులున్న వల సంచిలో గడ్డి కూరి గోడకు కడితే గుర్రం పెదవితో వెతికి, ఒక్కో పోచనే పీకి, నిదానంగా నమలాలి. ఒకే చోట కాకుండా రెండు మూడు చోట్ల కడితే అది నడుస్తుంది కూడా. రోజంతటి మేతను నాలుగైదు వాయిదాలుగా ఇస్తే, అందులో పెద్ద వాయిదా రాత్రికి ఉంచితే, ఖాళీ కడుపుతో గడిచే గంటలు బాగా తగ్గుతాయి. గడ్డిని గంటసేపు చన్నీళ్ళలో నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే కొంత చక్కెర కరిగిపోతుంది. మన ఎండలకు నానిన గడ్డి త్వరగా పులుస్తుంది కాబట్టి ఒకసారికి సరిపడేదే నానబెట్టాలి. నీళ్ళతో పాటు ఖనిజ లవణాలూ పోతాయి, వాటిని వేరే పొడి రూపంలో కలపాలి.

ఏ గడ్డి అన్నది ఇంకో ప్రశ్న. ఈ విషయం మీద వచ్చిన సలహాలు చాలావరకు చలిదేశాల పచ్చిక బయళ్ళను చూసి రాసినవి. మన గరికలో చక్కెర సాధారణంగా ఆ పచ్చికలో కన్నా తక్కువ. ఎండబెట్టిన గరిక ఇలాంటి గుర్రానికి మంచి ఆధారం. ఒట్టి వరిగడ్డి మీదే నెట్టుకొస్తే కడుపుకు మేలు జరగదు, పోషణా చాలదు. తమిళ రైతులు కుదిరై మసాల్ అని పిలిచే లూసర్న్‌లో కాల్షియం, మాంసకృత్తులు ఎక్కువ, అవి ఆమ్లాన్ని కొంత విరుస్తాయి. చక్కెర తక్కువే గానీ సత్తువ ఎక్కువ కాబట్టి బరువున్న గుర్రానికి కొద్దిగానే పెట్టాలి. స్వారీకి ముందు పెట్టే ఒకటి రెండు గుప్పెళ్ళు దానికి సరైన తావు. ఆ గడ్డి కడుపులో చాపలా పరుచుకుని ఆమ్లం పైకి చిందకుండా ఆపుతుంది. గిట్టలు నొప్పిగా లేని రోజుల్లో నడక, మెల్లని పరుగు ఇన్సులిన్ జబ్బుకు మంచి మందు. గిట్ట వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఒక్క అడుగు కూడా బలవంతంగా వేయించకూడదు.

ఇదంతా చేసేది యజమాని కాదు. రాత్రి పదకొండింటికి లేచి వల సంచి కట్టేదీ, తెల్లవారుజామున గడ్డి నానబెట్టేదీ గుర్రాన్ని చూసుకునే మనిషి. రెండు బకెట్లు పెట్టే పనికి మాట్లాడుకున్న జీతంతోనే ఈ అయిదు వాయిదాల పని కూడా చేయమంటే అది సాగదు. సాగకపోతే తప్పు అతనిది కాదు. వాయిదా తప్పిన రాత్రి గుర్రం ఖాళీ కడుపుతో ఉంటుంది, మర్నాడు బకెట్‌లో ఇంకొంచెం ఎక్కువ పోసి ఆ లోటు తీర్చామనుకుంటాం. అందుకే కొట్టానికి మందుల డబ్బు లెక్కవేసేటప్పుడు ఆ మనిషి రాత్రి పనికి కూలిని కూడా అందులోనే రాసుకోవాలి. పుండు మందు ఒక నెల ఖర్చు ఎంతో తెలిసినవాళ్ళకు ఈ కూలి భారమనిపించదు.

అందియూరు ఆడి సంతను ఇందుకు వాడుకోవచ్చు. అక్కడ గుర్రం ఎత్తు, రంగు, సుడులు, నడక అన్నీ చూస్తారు. అదే తిరునాళ్ళలో పశుసంవర్ధక శాఖ ఒక గుడారం వేసి, 1985 నుంచి నామక్కల్‌లో నడుస్తున్న పశువైద్య కళాశాల విద్యార్థులను కూర్చోబెడితే, కొన్న ప్రతి గుర్రానికీ టేపుతో బరువు కట్టి, మెడ తడిమి, గిట్ట నాడి చూసి, రోజుకు ఎంత గడ్డి ఎన్ని వాయిదాల్లో పెట్టాలో ఒక చీటీ రాసివ్వచ్చు. తమిళంలో, తెలుగులో, ఉర్దూలో. ఆ చీటీ గుర్రం కొన్నాయన జేబులోకి పోకుండా, ఇంటికెళ్ళాక దానికి మేత వేసే మనిషిని కూడా గుడారంలోకి పిలిచి, వల సంచి ఎలా కట్టాలో అతని చేతే కట్టించి చూపాలి.