కొరియర్ చార్జీలో లాభం చూసుకోవద్దు

మా ఖానాపురం హవేలి నుండి దేశీ విత్తనాలు, తేనె, పసుపు పంపేటప్పుడు ఎక్కువ మంది అడిగేది ఒకటే: "అన్నా, సరుకు కంటే కొరియరే ఎక్కువ ఉందేంది?"

కొంతవరకు అది న్యాయమైన ఖర్చే. స్పీడ్ పోస్టులో 500 గ్రాములు దాటితే రేటు పెరుగుతుంది. అర కిలో విత్తనాలు అట్టపెట్టెలో పెడితే దాటినట్టే కదా. ప్రైవేటు కొరియర్ వాళ్లు పెట్టె సైజు కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు. 30×30×20 పెట్టె అంటే 3.6 కిలోల లెక్క, లోపల కిలో ఎండు మునగాకే ఉన్నా సరే! పైన 18 శాతం జీఎస్టీ.

కానీ ఐదు రకాల విత్తనాలు ఆర్డర్ పెడితే ఐదింటికీ విడివిడిగా కొరియర్ చార్జీ తీసుకొని, అన్నీ ఒకే కవర్లో పంపేవాళ్లు ఉన్నారు. నాకూ ఒక ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గర ఇట్లనే జరిగింది. ప్యాకెట్ 20 రూపాయలే అని చూపించి, మిగతాది పోస్టులో లాగడం ఇది. గిట్టుబాటు కాకపోతే విత్తనం రేటే పెంచండి, కొనేవాళ్లు పోల్చి చూసుకుంటారు. మందులు కొట్టలేదని మనం చెప్తే ఆ ఒక్క మాట నమ్మి కొంటున్నారు. కవర్ మీద పోస్టు రేటు చూసి లెక్క తేడా పట్టుకుంటే, ఆ మాటను కూడా అనుమానిస్తారు.

బిల్లులో సరుకు, ప్యాకింగ్, పోస్టు విడిగా రాయాలి, రసీదు ఫోటో వాట్సాప్‌లో పెట్టాలి. ప్యాకింగ్ డబ్బులు తీసుకోవడం తప్పేం కాదు, తేనె సీసా పగలకుండా చేరాలంటే పని ఉంటుంది. బియ్యం బస్తాలకైతే ముందు ఆర్టీసీ కార్గో రేటు అడగండి. పెట్టె కొలిచే పద్ధతి కింది వీడియోలో చూపించాను.