చిత్రకారుడికి సమాధి చాలదు, చిత్రశాల కావాలి

ఇరాన్‌లోని నిషాపూర్‌లో, సూఫీ కవి అత్తార్ సమాధి పక్కనే చిత్రకారుడు కమాలుల్ ముల్క్ సమాధి ఉంది. ఆయన 1940లో కన్నుమూశారు. రెండు దశాబ్దాల తర్వాత వాస్తుశిల్పి హూషంగ్ సేహూన్ రూపకల్పనతో, రంగుల పలకలు పొదిగిన తోరణాలతో ఈ కట్టడం లేచింది. ఒక చిత్రకారుణ్ని దేశం ఇలా గౌరవించుకోవడం గొప్ప విషయమే. అయినా ఆయన పేరును నిలబెట్టింది రాయి కాదు, బొమ్మ. ఆయన వేసిన అద్దాల మందిరం చిత్రం టెహరాన్‌లోని గులిస్తాన్ రాజప్రాసాదంలో భద్రంగా ఉంది. మన తెలుగు చిత్రకారుడు దామెర్ల రామారావు సంగతీ అంతే. 1925లో 28 ఏళ్లయినా నిండకుండానే మశూచితో పోయిన ఆయన్ను నేటి తరం గుర్తుపడుతోందంటే, రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలే కారణం.

చిత్రకారుణ్ని అతని బొమ్మలతోనే గుర్తుంచుకోవాలన్న ఈ కొలతతో తెలంగాణలోని సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలను చూస్తే చేయాల్సింది చాలా ఉంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో రేచర్ల రెడ్లు కట్టించిన 13వ శతాబ్దపు గుళ్లున్నాయి. అక్కడ కాకతీయుల నాటి వర్ణచిత్రాల ఆనవాళ్లు మిగిలాయి. గుడి కట్టించిన ప్రభువుల పేర్లు శాసనాల్లో చదువుకుంటున్నాం, ఆ రంగులద్దిన మనిషెవరో మనకు తెలియదు. నిన్నమొన్నటి దాకా దుకాణాల బోర్డులు, గోడరాతలు, సినిమా కటౌట్లు వేసిన పెయింటర్లదీ అదే దారి. ఫ్లెక్సీలొచ్చి వాళ్ల పనితో పాటు పేర్లనూ తుడిచేశాయి.

ఊరికో చిత్రశాల కావాలంటే, తాగునీరు, బడులు, రోడ్లు ముందు కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ దీనికి కొత్త భవనం అక్కర్లేదు. ఖాళీగా ఉన్న ఒక సర్కారు గది, పిల్లలమర్రి చిత్రాల నాణ్యమైన ఫొటోలు, స్థానిక చిత్రకారుల బొమ్మలు, వాళ్ల వివరాలు ఉంటే మొదలుపెట్టవచ్చు. కూడలిలో విగ్రహం పెడితే సరిపోదా అనేవారూ ఉంటారు. విగ్రహం మనిషి ముఖాన్ని చూపిస్తుందే గాని అతని పనిని చూపించదు. బొమ్మను కళ్లారా చూసిన బడిపిల్ల తానూ కుంచె పట్టుకుంటుంది. మూడు పట్టణాల పురపాలక సంఘాలు వచ్చే బడ్జెట్‌లోనే ఒక్కో గది కేటాయించాలి. పాత పెయింటర్ల బొమ్మలు, ఫొటోలు ఇళ్లలో ఉన్నవారు వాటిని పారేయకుండా దాచి, ఆ గదికి అందించాలి.