స్టాంపు కాగితం మీద వేలిముద్రతో ప్రమాదం లెక్క తేలిపోదు



నూర్పిడి మిషనులో కూలీ చెయ్యి పడ్డా, ట్రాక్టరు తిరగబడి డ్రైవరు చనిపోయినా మన ఊళ్లల్లో జరిగేది ఒకటే. నాలుగు రోజులు తిరక్కుండా పెద్దమనుషులు కూర్చుంటారు. రైతు ఎంత ఇచ్చుకోగలడో అటు, ఆ కుటుంబం ఎంతకు సరే అంటుందో ఇటు, బేరం నడుస్తుంది. లక్షకో రెండు లక్షలకో తెగ్గొట్టి, "ఇక మాకు ఏ హక్కూ లేదు" అని స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయిస్తారు. నేనూ రైతునే, కూలీలను పెట్టుకునేవాణ్నే. అయినా చెబుతున్నా, ఆ కాగితం కూలీకి అన్యాయం, మనకు రక్షణ కూడా కాదు.

ఎందుకో చూడండి. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి పరిహారం ఇచ్చే చట్టం మన దేశంలో 1923 నుంచి ఉంది. ఫ్యాక్టరీల కోసమే అనుకుంటాం గానీ, ట్రాక్టర్లతో చేసే సేద్యం, మిషన్లతో కోత, నూర్పిడి, పురుగుమందు కొట్టడం కూడా అందులో ఉన్నాయి. ఆ చట్టం లెక్క ఇది. 35 ఏళ్ల మనిషి నెలకు 12,000 సంపాదిస్తూ పనిలో చనిపోతే, జీతంలో సగం 6,000ని ఆ వయసుకు రాసిన 197.06తో గుణించాలి. 11,82,360 రూపాయలు. పంచాయితీలో తేలిన రెండు లక్షలు ఎక్కడ, ఇదెక్కడ?

ఇక మన సంగతి. హక్కు వదులుకుంటున్నానని రాసిచ్చిన కాగితం చెల్లదని ఆ చట్టమే చెబుతోంది. చావు కేసులో పరిహారం లేబర్ కమిషనర్ దగ్గర జమ చేయాలి. కొద్దిపాటి అడ్వాన్సు తప్ప, కుటుంబం చేతికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. అంటే అప్పు తెచ్చి రెండు లక్షలు ఇచ్చిన రైతు మీద, రెండేళ్ల లోపు ఎప్పుడైనా కేసు పడొచ్చు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే జరిమానా అదనం.

"వాడి అజాగ్రత్త వల్లే కదా జరిగింది" అంటారు కొందరు. చావు కేసులో ఆ వాదన ఇక్కడ నిలబడదు. పని చేస్తుండగా, పని వల్ల జరిగిందా లేదా అన్నదే చూస్తారు. అదే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళితే తప్పు ఎవరిదన్న గొడవ వస్తుంది. రెండు చోట్లా తీసుకోవడం కుదరదు, ఒకటే ఎంచుకోవాలి. పైగా 2025 నవంబరు 21 నుంచి పాత చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పరిహారం అందులోనూ ఉంది. ఏ దారి పట్టాలో, ఏ తేదీ ప్రమాదానికి ఏది వర్తిస్తుందో చెప్పాల్సింది లాయరు, ఊరి పెద్దమనిషి కాదు.

లాయరంటే డబ్బు కదా అంటారా? జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 చట్టం ప్రకారం మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా పెడతారు. భర్త పోయిన మనిషి వెళితే చాలు. ఫోన్ నంబరు 15100. "వచ్చిన దాంట్లో మూడో వంతు నాది" అనే బేరానికి ఒప్పుకోవద్దు. పరిహారంలో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నిబంధనే ఉంది. ఆసుపత్రి కాగితాలు, ఎఫ్ఐఆర్, కూలి డబ్బులు ఫోన్లో వేసిన రికార్డు, ఏదీ పారేయకుండా దాచుకోమనండి.

"పదకొండు లక్షలంటే నా ఎకరం పోతుంది" అనే భయం నాకూ తెలుసు. కౌలు రైతుకైతే అమ్ముకోవడానికి ఆ ఎకరమూ లేదు. దానికి మందు ఇన్సూరెన్సు. ట్రాక్టరు పాలసీ కట్టేటప్పుడు రేటు ఒక్కటే అడక్కండి. డ్రైవరుకు ఉందా, ట్రాలీకి ఉందా, కూలీలకు ఉందా అని అడిగి, పాలసీ కాగితంలో రాసి ఉందో లేదో చూసుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

ప్రమాదం జరిగితే "వాడు నా దగ్గర పనిచేయలేదని చెప్పు" అని సలహా ఇచ్చేవాళ్లు వస్తారు. వినొద్దు. ఇలాంటి కేసులు ఎక్కువగా నలిగేది ఆ ఒక్క అబద్ధం దగ్గరే. పాలసీ సరిగ్గా ఉంటే రైతు చెప్పే నిజమే రైతును కాపాడుతుంది, ఆ కుటుంబాన్ని కూడా నిలబెడుతుంది.

మన పంట కోసం వచ్చి చెయ్యి పోగొట్టుకున్న మనిషిని పంచాయితీకి పిలవకండి. బండెక్కించుకుని న్యాయ సేవాధికార సంస్థకు మీరే తీసుకెళ్లండి.