మిద్దెమీది అరివేణి కుండ

మొన్న ఎమ్మిగనూరులో బంధువులు క్రొత్తగా కట్టుకొన్న మేడను చూడబోయినప్పుడు, నడవలోని గాజు బీరువాలో, పూలును పక్షులును చిత్రించిన పింగాణి కూజాలు నాలుగు దీపకాంతిలో మెరయుచుండగా, వానిని చూచి నేను సంతోషించితిని; కాని రెండేండ్లక్రిందట అదే యింటి పెండ్లికి కుమ్మరవీథినుండి మేళతాళములతో తోడ్కొనివచ్చిన అరివేణి కుండలు ఏమైనవని అడుగగా, గృహిణి సంకోచముతో మిద్దెమీది మూలను చూపినది. వానకు తడిసి సున్నము రాలి, ఒకటి పగిలి, తక్కినవి బోర్లపడి యున్నవి.

ఆ కుండలకు రంగులు వేయుట బాల్యమున ఆదోనిలో దగ్గర కూర్చుండి చూచినవాడను. ఆవములో కాలి చల్లారిన కుండకు మొదట సున్నపుపూత. అది ఆరిన పిదప, కొన నలుగగొట్టి కుంచెగా చేసిన ఈతపుల్లను జాజులో ముంచి, కుమ్మరి యిల్లాలు ఎడమచేత కుండను మెల్లగా త్రిప్పుచు కంఠముక్రింద ఒక గీత తీయును. ఆ గీత చుట్టివచ్చి మొదలైన చోట కలియునప్పుడు వెండ్రుకవాసి యెడమైనను కనబడదు. ఆ మీదట పసుపుచుక్కలు, ఆకులు, తీగలు.

ఇది మన సీమలో నిన్న పుట్టిన విద్య కాదు. బనగానపల్లె ప్రాంతపు పాతపాడులో దొరకిన తామ్రశిలాయుగపు ఎఱ్ఱని పాత్రలమీద, కాలువవలె సాగిన మూతిగల గిన్నెలమీద, ఆనాటి చేయి తీర్చిన రంగురేఖలు నేటికిని నిలిచియున్నవి. అట్టి పాత్రలను అద్దాలలో పెట్టి కాపాడు మనము, ఆ విద్యకు వారసురాలైన కుండను పెండ్లి ముగియగనే వానపాలు చేయుట నాకు మిక్కిలి బాధాకరము.

1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరున నేతపనివారి సహకార సంఘమును స్థాపించి మగ్గపు నేర్పునకు అంగడిని కల్పించెను. కాని కుమ్మరి కుంచెకు పెండ్లిముహూర్తమే అంగడి. ముహూర్తములు లేని నెలలలో ఆ చేతికి పని లేదు. కావున పెండ్లితో నిమిత్తము లేకయే, ఇంటి అలంకారమునకై ఈ కుండలను వ్రాయించుకొనవలెనని నా మనవి. వానిలో నీరు పోయరాదు. పచ్చిరంగులు గనుక తడి తగిలిన ఊడిపోవును, పొడిగుడ్డతో దుమ్ము దులిపిన చాలును. మెరుపునకై ఎనామిల్ రంగు వేయుమని కోరకుడు. సున్నపు తెలుపులోని ఆ మెత్తదనము దాని నిగనిగలో ఉండదు.

తిరిగివచ్చుచు కుమ్మరవీథిలో ఒక కుమ్మరి యిల్లాలివద్ద ఆగి, ఒక దొంతి కావలెనంటిని.

“పెండ్లెప్పుడు సామీ?” అని అడిగినదామె.

పెండ్లి కాదు, ఇంటిలో పెట్టుకొనుటకని చెప్పితిని. ఆమె ఒక క్షణము నావైపు చూచి, చేతిలోని కుండను ప్రక్కనబెట్టి, లోపలికిపోయి, మెడ మరింత గుండ్రముగా తిరిగిన దానిని ఏరి తెచ్చినది.

“అట్లయితే తొందర లేదు కదా, నిదానంగా రాస్తాను.”